ముందు వేడి నీళ్లు, తర్వాతే నూనె

త్రీ నాట్ త్రీ రైఫిల్ తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర సెంట్రీ భుజాన ఉన్నది అదే. ఆ తుపాకిని కాపాడుకునే పాత సైనిక పద్ధతిలో ఒక మెట్టు కొత్తవాళ్లను ఉలిక్కిపడేలా చేస్తుంది. కాల్పులు అయ్యాక గొట్టంలో ముందుగా పోసేది నూనె కాదు, మరిగే నీళ్లు.

ఇనుములో నీళ్లా అనిపిస్తుంది. కానీ పాత తూటాల ప్రైమర్‌లో, అంటే తూటాను రాజేసే మందులో, పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలగానే అది పొటాషియం క్లోరైడ్‌గా, అంటే ఒక రకం ఉప్పుగా మారి గొట్టం లోపలి మెలికల గాళ్లలో పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. ఇక కాకినాడ, విశాఖ వంటి సముద్రపు ఊళ్లలో తుప్పు ఎంత తొందరగా పడుతుందో చెప్పక్కర్లేదు. నూనెలో ఉప్పు కరగదు. ఎంత ఖరీదైన నూనె పూసినా దాని కింద ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. నీళ్లయితే కరిగించి తీసుకుపోతాయి. అవి మరుగుతూ ఉండాలనడానికీ కారణం ఉంది: గొట్టం వేడెక్కి, మిగిలిన తడి దానంతటదే ఆరిపోతుంది. ఏ నూనె రాయాలన్న ప్రశ్నకు ముందు ఏది వదిలించాలో ఆలోచించడమే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే విషయం.

తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకుని, గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ తీసి, తూటా కూర్చునే వైపు నుంచి గరాటుతో నీళ్లు పోస్తారు. తర్వాత పుల్‌త్రూ. అది ఒక తాడు. ఒక కొసకు ఇత్తడి బరువు, రెండో కొసన ఉన్న ఉచ్చులో నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డ. ఎన్‌సీసీ పిల్లలు ‘చిందీ’ అనేది దాన్నే. బరువును గొట్టంలోకి జారవిడిచి, మూతి దగ్గర అందుకుని, ఆగకుండా ఒకే ఊపున తిన్నగా లాగాలి. వంకరగా లాగితే తాడు మూతి అంచును కోస్తుంది. అలా రోజూ కోసుకుపోయిన అంచు మళ్లీ బాగుపడదు, గురి కూడా చెడుతుంది. ఈ తాడూ, చిన్న నూనె సీసా తుపాకి మడమలోని అరలోనే ఉంటాయి.

ఇప్పుడు నూనె. ఇనుముకు కావలసింది పలచని ఖనిజ తైలం. కొబ్బరి నూనె ఇరవై నాలుగు డిగ్రీలకు అటూ ఇటూగా పేరుకుంటుంది. అవిసె నూనెకు గాలి తగిలితే గట్టి పొర కడుతుంది. ఆ గుణం వల్లే చెక్క భాగానికి అవిసె నూనె పట్టించడం ఆనవాయితీ అయింది. అదే బోల్ట్‌కు రాస్తే కొన్నాళ్లకు బోల్ట్ పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40ని 1953లో తయారుచేసింది నీటిని తరమడానికి. తడిసిన తుపాకికి అది మేలే కానీ, రాపిడి తగ్గించే పొరగా ఎక్కువ కాలం నిలవదు.

ఎంత రాయాలన్నది ఏది రాయాలన్నంత ముఖ్యం. వేలితో తాకితే నునుపు తెలియాలి, తుడిస్తే గుడ్డ తడవకూడదు. కాల్చబోయే ముందు గొట్టం, తూటా కూర్చునే గది పూర్తిగా పొడిగా ఉండాలి. పేలినప్పుడు తూటా తొడుగు ఉబ్బి ఆ గది గోడల్ని పట్టుకుంటుంది. అక్కడ నూనె ఉంటే పట్టు జారి, ఆ తోపుడంతా బోల్ట్ మీద పడుతుంది.

చోటును బట్టి లెక్క మారుతుంది. రాజస్థాన్ ఎడారిలో నూనెకు ఇసుక అంటుకుని లోహాన్ని అరగదీస్తుంది, అందుకే అక్కడ వాడకం తక్కువ. 1939-40 శీతాకాలంలో సోవియట్ సేనలతో తలపడిన ఫిన్లాండ్ సైనికులు తుపాకుల్లోని నూనె తుడిచేసి దాదాపు పొడిగా వాడారు. గడ్డకట్టే చలిలో నూనె జిగటై బోల్ట్ కదలదు.

నేటి తూటాల్లో చాలావాటికి ఆ ఉప్పు బెడద లేదు, వేడి నీళ్లూ అక్కర్లేదు. పాత నిల్వ తూటా పేల్చినవాళ్లు మాత్రం ఆ సాయంత్రమే కెటిల్ పొయ్యి మీద పెట్టాలి.