దొంగ వేషం ఎవరు కట్టాలి?

మన బడుల్లో గిరిజన పిల్లలకు వేదిక మీద రెండే రెండు వేషాలు దొరుకుతాయి. ఒకటి, అధికారి కారు దిగగానే ఎదురెళ్లి ఆడే నాట్యం. రెండోది, అవగాహన నాటికలో తాగుబోతు తండ్రి. మొదటి వేషానికి తలపాగా, ఈకలు. రెండో దానికి చిరిగిన లుంగీ, చేతిలో సీసా. ఆ తండ్రికి బుద్ధి చెప్పడానికి డాక్టరమ్మ వస్తుంది, ఎస్సై వస్తాడు, టీచరు వస్తాడు. తండ్రి తల దించుకుంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే నాటిక చూస్తున్నాను. ఒకసారి సారా మీద, ఇంకోసారి బాల్యవివాహం మీద, మరోసారి మరుగుదొడ్డి మీద. విషయం మారుతుంది గానీ తల దించుకునేవాడు మారడు.

ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో నడిచిన నాటక బృందం ఒకటి గుజరాత్‌లో ఉంది. అహ్మదాబాద్ నగరంలో కుబేర్‌నగర్ పక్కన ఛారానగర్ అనే పేట ఉంది. అక్కడి ఛారాలు నడిపే బుధన్ థియేటర్ అది. మా యెరుకల వాళ్లకు ఆ పేట కథ కొత్తగా అనిపించదు. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం వాళ్లను పుట్టుదొంగలన్నది. 1911 నాటి చట్టంతో మద్రాసు రాజధానిలో మా తాతలకూ అదే ముద్ర పడింది. వాళ్లను సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేయించారు. మా వాళ్లను 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టువర్టుపురంలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది, పోలీసు స్టేషన్ల జ్ఞాపకం మాత్రం పోలేదు. ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఏ పేటకు జీపు వస్తుందో మన పిల్లలకు చెప్పక్కర్లేదు.

నాటక బృందం పేరులో ఉన్న బుధన్ ఛారా కాదు. పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాకు చెందిన ఖేరియా సబర్ యువకుడు. 1998 ఫిబ్రవరిలో భార్య శ్యామలితో వెళ్తుంటే పోలీసులు పట్టుకుపోయారు. వారం తిరక్కుండానే నిర్బంధంలో చనిపోయాడు. ఉరేసుకున్నాడని పోలీసులన్నారు. సబర్లు నమ్మలేదు. శవాన్ని దాచిపెట్టి ఇంట్లోనే పూడ్చారు. గడ్డితో బొమ్మ చేసి, అదే శవమన్నట్టు దహనం చేశారు. ఆ దాచిన శవమే తర్వాత రెండోసారి పోస్టుమార్టానికి పనికొచ్చింది. మహాశ్వేతాదేవి అండగా నిలిచారు. కేసు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. సీబీఐ విచారణకు, శ్యామలికి పరిహారానికి 1998 జూలైలో ఆదేశాలొచ్చాయి. నన్నడిగితే ఈ కథలో మొదటి నాటకం ఆ గడ్డిబొమ్మ దహనమే. చూసేవాళ్లు పోలీసులు, ఆడినవాళ్లు సబర్లు. ఒక్క మాట బయటికి పొక్కినా ప్రాణాలకు ముప్పున్న నాటకం.

ఆ ఏడాదే మహాశ్వేతాదేవి, భాషా పరిశోధకుడు జి.ఎన్.దేవి ఛారానగర్ వచ్చారు. పేటలో చిన్న గ్రంథాలయం పెట్టారు. అక్కడికి చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లే బుధన్ కథను నాటకం చేశారు. రాసి నడిపించినవారిలో ముఖ్యుడు దక్షిణ్ బజ్‌రంగే. ఆ ఆగస్టు 31నే ఛారానగర్‌లో మొదటిసారి ఆడారు.

నాటకం చిన్నది. తెర లేదు, సెట్టింగు లేదు. నటుల ఒళ్లే గోడలు, అదే జైలు. పాన్ దుకాణం దగ్గర మొగుడూ పెళ్లాలు ఆగిన చోట మొదలై, అరెస్టు, దెబ్బలు, శ్యామలి ఎదురుచూపు, శవం దాకా పోతుంది. చివర నటులు వేషం వదిలేసి చూసేవాళ్ల వైపు తిరిగి, మేమూ ఈ దేశం మనుషులమేనా అని నిలదీస్తారు. కథగా చెప్పుకుంటే ఇంతే. ఇలాంటి ప్రచార నాటికలు మనం చాలా చూశాం కదా అనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే, పోలీసు వేషం కట్టిన కుర్రాడి దగ్గర. లాఠీ ఎలా పట్టుకుంటారో, బూటు ఎక్కడ ఆనిస్తారో, కొట్టే ముందు ఎంత తాపీగా మాట్లాడతారో ఆ కుర్రాడికి ఎవరూ నేర్పించనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో, వీధిలో చూసిందే. పేట ప్రజలు ఆ వేషాన్ని చూసి నవ్వుతారు కూడా. భయపెట్టేవాడి నడకను అనుకరించి నవ్వగలిగితే ఆ భయం కొంచెం చేతికి అందుతుంది. మన అవగాహన నాటికలో నవ్వంతా తాగుబోతు తండ్రి మీదికే పోతుంది. ఎస్సైని చూసి ఎవరూ నవ్వరు.

ఇంకో సంగతి. ఛారాలు తమ కథతో కాకుండా, తాము ఎప్పుడూ చూడని ఒక సబర్ కథతో మొదలుపెట్టారు. తర్వాత మహారాష్ట్రలో చనిపోయిన పార్ధీ పిన్యా హరి కాలే మీద కూడా నాటకం చేశారు. తెగ వేరు, భాష వేరు, ముద్ర మాత్రం ఒకటే. మనలో మనం యెరుకల, సుగాలీ, యానాది, కోయ అని ఎవరి సంఘం వాళ్లం పెట్టుకుని, ఒకరి గోడు ఒకరికి పట్టనట్టు ఉంటున్న రోజుల్లో ఈ ఎన్నిక నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మెచ్చుకోలుతోనే ఆపితే విమర్శ కాదు. ఛారాల ఇంటి భాష భాంటూ. బుధన్ నాటకం హిందీలో నడుస్తుంది. బయటివాళ్లకు వినిపించాలంటే హిందీ కావాలి, నిజమే. కానీ ముసలమ్మల భాంటూ, పేట సామెతలు, తిట్లు, పాటలు నాటకంలోకి రాకపోతే బాధే మన గుర్తింపుగా మిగిలిపోతుంది. దెబ్బలు తిన్నవాడిగా తప్ప ఛారా ఇంకెలా కనిపిస్తాడన్న ప్రశ్నకు ఈ నాటకంలో జవాబు తక్కువ. ఇక నాటకంతో పోలీసులు మారిపోతారనీ అనుకోకూడదు. 2018 జూలైలో ఒక రాత్రి ఛారానగర్ మీద పోలీసులు పడి, ఇళ్లలో చొరబడి కొట్టారని, బండ్లు పగలగొట్టారని పేటవాళ్లు ఆరోపించారు. లాయర్లు, విలేకరులు అయిన ఛారాలనూ వదల్లేదన్నారు. అప్పటికి బుధన్ నాటకానికి ఇరవై ఏళ్లు నిండబోతున్నాయి. మారింది పేట. వెంటనే వీధిలోకి వచ్చి, ఊరందరి ఎదుటా నిరసన తెలిపారు. చూసేవాళ్ల ముందు నిలబడి మాట్లాడటం వాళ్లకు అప్పటికే అలవాటు.

ఇక మన వైపు చూద్దాం. స్టువర్టుపురం పేరు మీద తెలుగులో ఏమొచ్చాయి? 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ సినిమా, 2023లో టైగర్ నాగేశ్వరరావు. ఊరి పేరు తెర మీద పడగానే హాల్లో ఈల వేస్తారు. దొంగ వేషం కట్టేవాడు పెద్ద హీరో, కాబట్టి ఆ వేషానికి గౌరవం వచ్చిందని మన కుర్రాళ్లలోనూ కొందరు సంబరపడతారు. నాకు ఆ సంబరం అర్థం కాదు. హీరో సినిమా అయ్యాక వేషం తీసేసి ఇంటికి వెళ్తాడు. ఊరి పేరు చెప్పి అద్దె ఇల్లు అడిగేవాడికి ఆ వేషం తీయడం కుదరదు. చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపిన ఆడవాళ్ల కథ, పాస్ లేకుండా పొలిమేర దాటితే శిక్ష పడిన రోజుల కథ ఏ నిర్మాతకూ పనికిరాలేదు. అందులో ఫైటు లేదు మరి.

ఆ కథలు చెప్పగల అవ్వలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు చెప్పేది కుర్రు భాషలో. ఇప్పటి పిల్లల్లో చాలామందికి అది సగమే అర్థమవుతుంది. నాటకం చేయాలంటే ముందు పిల్లవాడు అవ్వ దగ్గర కూర్చోవాలి, మాట మాటకూ అడగాలి, నోట్సు రాసుకోవాలి. ఇది తెలుగు పీరియడులోనే పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు, మైకు కూడా అక్కర్లేదు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఎలాగూ కార్యక్రమం అడుగుతారు. ఆ రోజు నాట్యం ఉంచుదాం, నాట్యం మనదే. తాగుబోతు తండ్రిని మాత్రం తీసేసి, ఆ పది నిమిషాలు అవ్వ చెప్పిన హాజరు పట్టీ సీను వేద్దాం. పేర్లు పిలిచే దొర వేషం క్లాసులో అందరికన్నా అల్లరి పిల్లకు ఇవ్వాలి. వాళ్లు ఆ గొంతును బాగా పట్టుకుంటారు.