విద్యార్థి వాదము – కట్టమంచి విమర్శ

విద్యార్థి దశలో అలవడిన వక్తృత్వము సాధారణముగా సభతోనే ముగిసిపోవును. చప్పట్లు ఆగిన పిమ్మట దానివలన భాషకు మిగులునదేమి యను ప్రశ్నకు తెలుగు సారస్వతమున లభించు మేలైన సమాధానము కట్టమంచి రామలింగారెడ్డిగారి కృషి.

వక్తృత్వమును కళాశాల విద్యలో ముఖ్యాంగముగా నెంచిన దేశములలో అమెరికా యొకటి. హార్వర్డు, యేల్ వంటి తొలినాటి కళాశాలలలో విద్యార్థులు లాటిను భాషలో, తర్కశాస్త్ర నియమములకు లోబడి వాదించెడివారు. 18వ శతాబ్ది మధ్యమునుండి ఆంగ్లమున వాదించు పద్ధతి పాదుకొనెను. విద్యార్థులు తమకై తాము సమాజములను స్థాపించుకొనిరి. యేల్‌లో 1753లో లినోనియా, ప్రిన్స్‌టన్‌లో 1769లో అమెరికన్ విగ్ సొసైటీ వెలసినవి. ఈ రెండవదానిలో సభ్యుడైన జేమ్స్ మాడిసన్ తరువాత ఆ దేశ రాజ్యాంగ నిర్మాతలలో ప్రముఖుడయ్యెను. పండితభాషలో నేర్చిన వాదము వాడుకభాషకు దిగివచ్చినప్పుడే ప్రజాజీవితమునకు అక్కరకు వచ్చునని ఈ చరిత్ర తెలుపుచున్నది.

రెడ్డిగారి విషయమునను ఇట్టి పరిణామమే కానవచ్చును. 1880లో చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిన ఆయన, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచు, అచ్చటి ఆంధ్ర భాషాభిరంజని సమాజము పెట్టిన పోటీకి ‘ముసలమ్మ మరణము’ రచించిరి. పిదప కేంబ్రిడ్జి విద్యార్థుల యూనియన్ సభకు ఉపాధ్యక్షులైరి. అచ్చటి వాదమంతయు ఆంగ్లమే. దాని ఫలము మాత్రము, ఆయన మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా నున్న కాలమున, 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రూపమున తెలుగునకు దక్కెను.

ఆ గ్రంథము పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ప్రధానముగా పరామర్శించును. అందలి పద్ధతి వ్యాఖ్యాతది కాదు, వక్తది. వ్యాఖ్యాత పద్యమును విప్పి అర్థము చెప్పును. రెడ్డిగారు ఒక అభిప్రాయమును ప్రతిపాదించి, దానికి రాగల ఆక్షేపణను ఊహించి, సమాధానము చెప్పుచు ముందునకు సాగుదురు. కావ్యమును మెచ్చుకొనుట చాలదు, ఆ మెప్పునకు కారణము చూపవలెనను పట్టుదల తెలుగు విమర్శకు ఆ గ్రంథమువలన బలముగా అబ్బెను.

అయితే వక్త గుణముతోపాటు వక్త దోషమును అందు చేరినది. వాదమునకు గెలుపు కావలెను, విమర్శకు న్యాయము కావలెను. సూరనను నిలబెట్టు తమకమున రెడ్డిగారు తక్కిన ప్రబంధకవులను ముద్దాయిల స్థానమున నిలిపిరి. వర్ణనము ప్రబంధమునకు సహజధర్మమను పూర్వపక్షమునకు తగినంత చోటు దక్కలేదు. సభలో ప్రతిపక్షి లేచి బదులు చెప్పగలడు. గ్రంథమున ఆ భారము పాఠకునిదే.

హోసూరు రహదారిపైనున్న చందాపుర వంటి తావుల తెలుగు పిల్లలకు ఈ విచారము మిక్కిలి అవసరము. వారికి తెలుగు ఇంటి మాట, ఆంగ్లమో కన్నడమో బడి భాష. తెలుగు సభలలో వారిచేత పద్యములు చదివించుట మంచిదే, కాని అంతతో ఆగరాదు. ఒకే విషయమున నేడు ఒక పక్షమును, రేపు రెండవ పక్షమును తెలుగున వాదింపజేయవలెను. అప్పుడు ఇంటి మాట ఆలోచనకు పనికివచ్చు భాషయగును. ఎదుటిపక్షమును సానుభూతితో చూడగల న్యాయబుద్ధియు వారికి అలవడును.