శనివారపు గది

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థల ప్రాంగణములలో శనివారమునాడు బయటివాడు అడుగిడవలెనన్న, ముందుగా పంపిన జాబితాలో తన పేరుండవలెను. ఉన్నను గేటుకడ రిజిస్టరులో సంతకము చేసి, ల్యాప్‌టాప్‌ను తలక్రిందులుగా త్రిప్పి, అడుగున అరిగిపోయిన సీరియల్ నంబరును కాపలావానికి చదివి వినిపించి, విజిటర్ బ్యాడ్జి మెడలో వేసికొన్న పిమ్మటగాని లోనికి పోవుట పొసగదు. పైథాన్ వాడుకరుల నెలవారీ కూటమికైనను, మఱియొక ప్రోగ్రామింగు భాషాభిమానుల మీటప్‌నకైనను ప్రథమాంకము ఇదియే. జాబితాలో పేరు లేక గేటుకడ నిలిచిపోయిన కుఱ్ఱవానికొఱకు లిఫ్టు దిగివచ్చి, వచ్చీరాని కన్నడములో పూచీపడి లోనికి తోడ్కొనిపోవు మనిషి ఉన్నాడా లేడా యనునదే ఆ గుంపు ఆయుర్దాయమును నిర్ణయించునని నాకు తోచుచున్నది. వక్త ఎంతటి విద్వాంసుడనునది తరువాతి మాట.

ఇట్టి కూటములు క్రొత్తవి కావు. ఒకడు వ్రాసిన ప్రోగ్రామునే పక్కవాడు మరల వ్రాయుట వృథాప్రయాస యని గ్రహించి, 1955లో లాస్ ఏంజిలిస్ ప్రాంతమున ఐబీఎం యంత్రములు వాడువారు 'షేర్' అను సంఘముగా నేర్పడిరి. 1975 మార్చి 5న మెన్లోపార్కులో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బులోనే వోజ్నియాక్ తన తొలి ఆపిల్ యంత్రమును తోడివారికి చూపెను. బెంగళూరునకు వచ్చినచో, లినక్స్ వాడుకరులు 2001లో ఆరంభించిన 'లినక్స్ బెంగళూరు' సభ, పిదప 'ఫాస్ డాట్ ఇన్' అను పేరు దాల్చి, 2012లో నిమ్హాన్స్ సమావేశ మందిరమున ముగిసినది. 2009లో భారతీయ విజ్ఞాన సంస్థలో తొలిసారి జరిగిన పైథాన్ వాడుకరుల సభ పైకాన్ ఇండియా మాత్రము నగరములు తిరిగి, 2018లో హైదరాబాదును చూచి, 2024లో మరల ఇక్కడికే, ఆ నిమ్హాన్స్ మందిరమునకే, చేరినది. రెంటి గతులు వేరగుటకు కారణములు పెక్కుండవచ్చును. కాని, ఇక్కడి పైథాన్ గుంపగు బ్యాంగ్‌పైపర్స్ వంటి చిన్న గుంపులు పలు నగరములలో నెలనెలా కూడుచుండుట పైకాన్‌నకు వెన్నెముక యని నా యభిప్రాయము.

గుంపును పెంచుట యనగానే మనవారికి పెద్ద హాలు, పెద్ద పోస్టరు స్ఫురించును. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తివారి అధ్యక్షతన కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు ప్రభృతులకు స్ఫురించినది వేఱు. గ్రంథాలయ యాత్రల పేరిట వారు తామే ఊరూర తిరిగి, ఎక్కడికక్కడ పఠనాలయములను నిలిపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. చదువరిని తరలించుటకంటె పుస్తకమును తరలించుట సులువని వారెఱుగుదురు.

వైట్‌ఫీల్డ్‌నకు ఈ సూత్రము అక్షరాల వర్తించును. 1882 ప్రాంతమున ఆంగ్లో-ఇండియనులకై వ్యవసాయ నివాసముగా వెలసిన ఈ ఊరు నేడు కాడుగోడి మొదలు మారతహళ్లి వఱకు వాహనముల వరుసయే. 2023 మార్చిలో కృష్ణరాజపురమునుండి, అక్టోబరులో నగరమధ్యమునుండి నేరుగా, మెట్రో వచ్చి కొంత ఉపశమనము కలిగించినది గాని, తొలిసారి రాదలచినవాడు శనివారమంతయు దారికి ధారపోయునని ఆశించుట అత్యాశ. వానికి నడచిపోదగినంత దూరమున ఒక గది కావలెను.

ఆ గదిలో ఉపన్యాసము సాగునంతసేపు వెనుక వరుసలో మౌనముగా కూర్చుండు అనంతపురము, కడప పిల్లలు టీ విరామములో నోరు విప్పుదురు. "అన్నా, ఆ డెకరేటరు సంగతి ఇంకోసారి చెప్తారా, లోపల అడగడానికి మొహమాటమేసింది" అని ఒకడు మొదలుపెట్టగా, పెద్దవాడు "అదేం బ్రహ్మవిద్య కాదయ్యా" అనుచు కాగితపు కప్పు మీదనే పెన్నుతో ఒక ఫంక్షను వ్రాసి, దానిచుట్టు మఱియొక ఫంక్షనును గీసి చూపును. నలుగురు మూగుదురు, టీ చల్లారును. నిపుణుడైన నిర్వాహకుడు ఆ పిల్లవానిని గుర్తుంచుకొని, వచ్చే నెల అయిదు నిమిషములు నీవే మాట్లాడవలెనని పట్టుబట్టును. పెంచుట యనగా నా మట్టుకు ఇంతే.

ధనసహాయము అక్కఱలేదనను. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దేశదేశముల గుంపులకు నిధులిచ్చుచు వచ్చినది, అది సత్కార్యమే. కాని స్పాన్సరు పేరిట వచ్చి గంటసేపు ఉద్యోగముల ప్రకటన చదువు సంస్థవలన గుంపు పెరుగుట నేనెఱుగను. గుంపులు చచ్చునది డబ్బు లేక కాదు. నిర్వాహకుడు ఉద్యోగము మారిన నాడు, అతనితోడనే గదియు పోయి, తేదీని నిలబెట్టు రెండవవాడు లేక.

కావున చదువరులకు నా విన్నపము: మీ కార్యాలయమున శనివారము తాళము పడియుండు గది యొకటి ఉన్నచో, మేనేజరునడిగి నెలకొక పూట ఇప్పింపుడు; గేటుకడ ఇచ్చు జాబితాలో పూచీదారుగా మీ పేరుతోబాటు మఱియొకరి పేరును వ్రాయింపుడు.