‘దేశభక్తి’ గీతం - ప్రపంచ ప్రభుత్వం

దేశభక్తి నశిస్తేనే ప్రపంచ ప్రభుత్వం సాధ్యమనేవారు గురజాడ 1910లో రాసిన ‘దేశభక్తి’ గీతాన్ని మళ్ళీ చదవాలి. ఆయన ఆ భక్తిని నేలమీదినుంచి జనం వైపు మళ్ళించాడు. జనాన్ని ప్రేమించే భక్తికి పొలిమేర ఎక్కడ? మన రైతుమీది ప్రేమ పరాయి రైతుమీద పగ కానక్కరలేదు గదా!

అయితే గీతంలో ఒక చిక్కు వున్నది. స్వదేశీ సరుకులు అన్ని దేశాలనూ ముంచెత్తాలన్నాడు కవి. ఆ మాట పరాధీన జాతి నోట ఆత్మాభిమానం. ధనస్వామ్య రాజ్యాల చేతిలో మార్కెట్ల పోటీ, యుద్ధబీజం.

1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఐదు రాజ్యాలకే వీటో వున్నది. అటువంటి రాజ్యాల కూటమి ఎంత బలపడినా ప్రజల ప్రభుత్వం కాజాలదు. శ్రమించే జనంమీది ప్రేమ నిలవాలి. దాని చాటున నక్కిన లాభాపేక్ష పోవాలి. ప్రపంచ ప్రభుత్వానికి పునాది అక్కడ పడుతుంది.