కమ్మరి చేతి గొడ్డలి

1960లలో వేసిన కిరండూల్ రైలుమార్గం మొదలయ్యేది విజయనగరం జిల్లా కొత్తవలసలోనే. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం ఈ ఊరి మీదుగా విశాఖ రేవుకు పోతుంది. ఇనుముతో మనిషి చెయ్యి ఎంత పని చేయించగలదో చూడాలంటే మాత్రం కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్లాలి.

పాత లారీ కమాను పట్టీ దొరికితే కమ్మరికి పండగే. గొడ్డలికి సరిపడా కర్బనం ఉన్న ఉక్కు అది. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అంచును నీళ్లలో ముంచి గట్టిపరుస్తాడు. గట్టిదనం మించితే అంచు పెళుసై విరుగుతుంది, చాలకపోతే ఇట్టే మొద్దుబారుతుంది. కాలిన ఉక్కు రంగు చూసి ఆ అదను పట్టుకోవడమే గొప్ప విద్య.

కొనేవాడికీ చూపు కావాలి. కొమ్మలు నరకడానికి పలచని అంచు, తేలికైన తల చాలు. మొద్దులు చీల్చాలంటే బరువు ఉండాలి, అంచు వెనక దళసరిగా ఉబ్బాలి. ఆ ఉబ్బే కట్టెను రెండువైపులా నెడుతుంది. సరుగుడు పచ్చిగా ఉండగానే చీల్చుకోవడం మేలు, ఎండితే మొండికేస్తుంది. చింతమొద్దు మరీ గడుసుది. దాని పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి గనక నడిమిన కొట్టకుండా చుట్టూ అంచుల నుంచి విడదీయాలి.

ఇక కామ, అంటే గొడ్డలి పిడి. కొసన పోగు చూడాలి: అది పదునుకు సమాంతరంగా సాగితే మంచిది, అడ్డంగా ఉంటే దెబ్బకు విరుగుతుంది. రంగు పూసిన కామైతే కొంచెం గీకి చూపించమని అడగాలి.