పాత పటం మీద కొత్త గుర్తులు

సంవత్సరం, ప్రాంతం, రకం వంటి అంశాలవారీగా సమాచారాన్ని వడకట్టి పటం మీద చూపే వెబ్ సాధనాలు ఎక్కువగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి సిద్ధ పటాలనే ఆధారంగా చేసుకుంటాయి. నేటి వీధులకు అవి చాలినా, గతాన్ని పరిశీలించే చదువరిని తప్పుదారి పట్టించగలవు. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద వివరాలను నేటి పటం మీద గుర్తిస్తే, ఆ ప్రళయం తర్వాతే వెలసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కూడా ఆనాడే ఉన్నట్టు కనిపిస్తాయి. వరద తర్వాత కొన్నేళ్లకు లియనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన మునిసిపల్ సర్వే పటాలను ఆధారంగా తీసుకుంటే, సమాచారం తన కాలానికి దగ్గరి నేల మీద నిలుస్తుంది.

అయితే స్కాన్ చేసిన పటం కంప్యూటరుకు కేవలం పిక్సెళ్ల వరుస; ఏ పిక్సెల్ భూమి మీద ఏ చోటును సూచిస్తుందో దానికి తెలియజెప్పాలి. జియోరిఫరెన్సింగ్ అనే ఈ ప్రక్రియలో చార్మినార్, పురానాపూల్ వంటి నాటికీ నేటికీ నిలిచిన కట్టడాలను పాత పటంలో గుర్తించి, వాటికి అక్షాంశ రేఖాంశాలను జతచేస్తారు. వీటినే నియంత్రణ బిందువులంటారు. పటాన్ని జరిపి, తిప్పి, సాగదీసే సరళమైన గణితానికి మూడు బిందువులు చాలుతాయి గాని, పొరపాటు ఎంత ఉందో తేలాలంటే అంతకు మించి కావాలి; అవన్నీ ఒక మూలనే గుమిగూడితే మిగతా భాగం పక్కకు జారిపోతుంది. కాగితం ముడుచుకుపోయిన పటాలకు చోటుచోటుకూ వేర్వేరుగా సర్దే స్ప్లైన్ పద్ధతి అనుకూలిస్తుంది.

సరిపోల్చిన బొమ్మ చిన్నదైతే, దాని ఎదురెదురు మూలల స్థానాలు చెప్పి లీఫ్‌లెట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో నేరుగా పరచవచ్చు. పెద్దదైతే సాధారణంగా 256 పిక్సెళ్ల చదరపు పలకలుగా, అంటే టైల్స్‌గా కోస్తారు. ప్రపంచమంతా ఒకే పలకలో ఇమిడే సున్నా స్థాయి నుంచి, ఒక్కో స్థాయి పెరిగేకొద్దీ పలకల సంఖ్య నాలుగింతలై, పదో స్థాయికి 10,48,576కు చేరుతుంది. తెర మీద కావలసినవే దిగుమతి అవుతాయి కనుక బరువైన పటం కూడా వేగంగా కదులుతుంది. అక్షాంశ రేఖాంశాలతో పనిలేని బొమ్మలకు పిక్సెళ్లనే కొలమానంగా తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. లేపాక్షి వీరభద్రాలయ పైకప్పు చిత్రాల ఛాయాచిత్రంపై ఒక్కొక్క ఆకృతికి వివరణను అతికించి, ఘట్టాలవారీగా వడకట్టి చూపడం దీనితో సాధ్యమవుతుంది.

పాత పటాన్ని క్రమంగా పారదర్శకం చేస్తూ కింది నేటి పటంతో పోల్చే సౌకర్యం కల్పిస్తే, ఏ చెరువు కనుమరుగైందో, ఏ వీధి విస్తరించిందో చదువరి స్వయంగా తేల్చుకోగలడు. అందుకే పటం ఎవరు, ఎప్పుడు, ఏ కొలతతో గీశారో, సర్దుబాటులో ఎంత తేడా మిగిలిందో తయారీదారు తప్పక ప్రకటించాలి. ఏ పటమైనా ఒక కాలపు, ఒక ప్రయోజనపు దృష్టితోనే నేలను చూస్తుంది; ఆ దృష్టిని దాచకుండా సమాచారంతో పాటే ముందుంచినప్పుడు, చదువరి గుర్తులను చూడడంతో ఆగక సాక్ష్యాన్ని పరీక్షించగలుగుతాడు. ఈ పద్ధతి కోరే శ్రమకు తగిన ఫలం అదే.