టీమ్ లీడ్ పనితనం

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు తెరిచాక, కొందరు ఓరుగల్లు పిల్లలకు ఉద్యోగం కోసం కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కే పని తప్పింది. ఇలాంటి ఆఫీసుల్లో నాకు ముచ్చటేసేది మంచి టీమ్ లీడ్ పనితనం. కొత్తగా చేరిన అమ్మాయి రాసిన కోడ్‌ని ఆ లీడ్ వరుస వరుసా చదువుతుంది. తప్పు కనబడగానే తానే దిద్దేయదు. పక్కన ‘ఇక్కడ పేరు ఖాళీగా వస్తే ఏమైతది?’ అని రాసి వదిలేస్తుంది. ఆ పిల్ల కాసేపు తంటాలు పడి తనే పట్టుకుంటుంది. మర్నాడు క్లయింట్ కాల్‌లో ఆ మార్పు గురించి చెప్పేది కూడా ఆ పిల్లే. లీడ్ మ్యూట్‌లో ఉండి, మాట తడబడితేనే అందుకుంటుంది. ఒకప్పుడు పెద్దసారు చెప్పిందే వేదం. ఇప్పుడు ఏఐ పనిముట్లు నెలకొకటి దిగుతుంటే, ‘నాకు తెల్వదు, నువ్వే చూపించమ్మా’ అని జూనియర్‌ని అడగడమూ లీడర్ పనే. వినడానికి తేలికే గానీ, ఆ మాట అనాలంటే చాలామంది మేనేజర్లకు ఇంకా గొంతు పెగలదు.